నల్ల కారు, బోరు నీళ్లు, ఎర్ర దుమ్ము

బీదర్‌లో నల్ల కారు కొన్నవాళ్లకు మొదటి వేసవిలోనే రెండు సంగతులు తెలిసొస్తాయి. పొద్దున్నే కడిగించిన బండి, ఎండెక్కేసరికి బానెట్ నిండా తెల్లటి చుక్కలు తేలి, కడగకముందే నయమనిపిస్తుంది. రాత్రి పెట్రోల్ బంకు దీపాల కింద ఆపితే అదే బానెట్ మీద సాలెగూడు లాంటి సన్నటి గీతలు వలయాలు వలయాలుగా మెరుస్తాయి. ఎవరినడిగినా ఒకటే మందు చెబుతారు: "రబ్బింగ్ పాలిష్ కొట్టించు, అద్దంలా అవుతుంది." నిజమే, అవుతుంది. ఆ అద్దం ఎన్నాళ్లుంటుంది, దానికోసం ఏం పోగొట్టుకున్నాం, మచ్చలకూ గీతలకూ ఒకే మందు పనికొస్తుందా అనేది మాత్రం ఎవరూ చెప్పరు. హైదరాబాద్ షోరూముల మాట ఒకటి, జహీరాబాద్ దారిలో వాటర్ సర్వీసింగ్ చేసే కుర్రాళ్ల మాట ఇంకొకటి, ప్రకటనల మాట మరొకటి. అన్నీ ఒకచోట పెట్టి చూస్తే నాకు తోచిందేమంటే, బీదర్ కార్ల జబ్బు చాలాభాగం నీళ్లలోనూ గుడ్డలోనూ ఉంది. మిగిలిన కొంచానికే పాలిష్ మందు, అదీ కొలిచి వేయవలసిన మందు.

ముందు నీళ్ల సంగతి. బీదర్ ఊరు సముద్రమట్టానికి సుమారు 700 మీటర్ల ఎత్తున, లాటరైట్ ఎర్రరాతి పీఠభూమి మీద ఉంది. కోట చుట్టూ ఉన్న మూడు వరసల కందకాన్ని ఆ రాతిలోనే తొలిచారు. ఈ ఎర్రరాయి బోలుగా, చిల్లులు చిల్లులుగా ఉంటుంది. వాన నీరు అందులోంచి దిగిపోయి, కింద ఉన్న దక్కను నల్లరాతి దగ్గర ఆగి, పీఠభూమి అంచుల్లో ఊటగా బయటికొస్తుంది. నౌబాద్ దగ్గర బహమనీల కాలం నాటి సురంగ బావి, అదే కరేజ్, ఈ నీటిని పట్టడానికే తవ్వారు. చుట్టూ ఉప్పు నీళ్లే ఉన్న చోట గురునానక్ పాదం తాకి తియ్యటి నీరు ఊరిందని నానక్ ఝీరా గురించి చెప్పుకునే కథ కూడా ఈ ఊరి నీళ్లలో తేడాను పట్టి చూపిస్తుంది. లాటరైట్ ఊట నీటిలో ఖనిజాలు తక్కువ. నల్లరాతిలోకి లోతుగా దింపిన బోరు నీటిలో కాల్షియం, మెగ్నీషియం బైకార్బనేట్లు ఎక్కువ, వాటికి తోడు కొంత సిలికా. ఇవాళ కార్లు కడిగేది దాదాపు అన్నిచోట్లా ఆ రెండో రకం నీటితోనే.

తాగునీటికి భారత ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం లీటరుకు 200 మిల్లీగ్రాముల దాకా కాఠిన్యం ఆమోదయోగ్యం, వేరే దిక్కు లేకపోతే 600 దాకా ఒప్పుకుంటారు. తాగడానికి చెల్లే నీళ్లన్నీ కారు మీద ఆరబెట్టడానికి చెల్లవు. లీటరుకు 1,000 మిల్లీగ్రాముల లవణాలున్న నీరు అర లీటరు బండి మీదే ఆరిపోయిందనుకోండి, దాదాపు అర గ్రాము ఉప్పు పెయింటు మీద మిగులుతుంది. అర గ్రామేనా అనిపించవచ్చు. అది చుక్కకింత చొప్పున వేల చుక్కల అంచుల్లో పేరుకుంటుంది కాబట్టే కంట్లో పడుతుంది.

అంచుల్లోనే ఎందుకు పేరుకుంటుందో 1997లో షికాగో విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు నేచర్ పత్రికలో వివరించారు. కాఫీ చుక్క ఆరితే మధ్యలో పలచగా, అంచున ముదురు గోధుమ రంగు వలయంగా మిగులుతుంది కదా, వాళ్లు పరిశీలించింది దాన్నే. చుక్క అంచు ఉపరితలానికి అతుక్కుని కదలదు. అక్కడ ఆవిరి త్వరగా పోతుంది. పోయిన నీటి లోటు పూడ్చడానికి మధ్యలోంచి నీరు అంచుకు ప్రవహిస్తూ తనలోని సరుకునంతా అక్కడికి మోసుకొస్తుంది. బానెట్ మీద కనబడే తెల్లటి గుండ్రాలు కూడా ఇలా పుట్టినవే. అంచున ఖనిజం అంత చిక్కగా చేరడం వల్లే మచ్చ తుడిచినా ఉంగరం మిగిలిపోతుంది.

ఇక్కడ ఒక పుకారుకు స్వస్తి చెప్పాలి. నీటి చుక్క భూతద్దంలా ఎండను కేంద్రీకరించి పెయింటును కాలుస్తుందని కార్లవాళ్లు గట్టిగా నమ్ముతారు. ఆకుల మీద చుక్కల గురించి ఇదే నమ్మకాన్ని బుడాపెస్ట్ శాస్త్రవేత్తలు పరీక్షించి 2010లో ఫలితాలు ప్రచురించారు. నున్నటి ఆకు మీద కూర్చున్న చుక్క ఆకును కాల్చలేదు, ఎందుకంటే కిరణాలు కలిసే బిందువు ఉపరితలానికి చాలా కింద పడుతుంది. బానెట్ ఆకుకన్నా నునుపు. మచ్చకు కారణం భూతద్దం కాదు, వేడి. మే నెల ఎండలో ముదురు రంగు రేకు చెయ్యి పెట్టలేనంత కాలుతుంది. ఆ వేడికి నీరు త్వరగా ఆరుతుంది, పెయింటు పైపొర కొంత మెత్తబడుతుంది, మిగిలిన రసాయనం దాని మీద మరింత గట్టిగా పనిచేస్తుంది. పక్షి రెట్ట బీదర్ వేసవిలో కొన్ని గంటల్లోనే ముద్ర వేసేది కూడా ఇలాగే.

అందుకే పాలిష్ మాట ఎత్తే ముందు మచ్చ పెయింటు మీద ఉందా, పెయింటులోకి దిగిందా అన్నది తేల్చుకోవాలి. ఈ ఒక్క ప్రశ్న వేసుకుంటే బోలెడు డబ్బూ, కొంత పెయింటూ మిగులుతాయి. పైన కూర్చున్న కాల్షియం మచ్చకు ఆమ్లం చాలు. తెల్ల వెనిగర్‌లో సమానంగా మంచి నీళ్లు కలిపి, నీడలో, చల్లబడ్డ రేకు మీద మెత్తటి గుడ్డతో అద్ది, నిమిషం ఆగి, ధారాళంగా కడిగేస్తే కార్బనేటు కరిగి పోతుంది. పోకుండా మొండికేసిందంటే రెండు కారణాలు. ఒకటి సిలికా, దానికి వెనిగర్ అంటే లెక్కలేదు. రెండోది, మచ్చ పోయినా అది తొలిచిన గుంట అక్కడే ఉండటం. మచ్చను కడిగి, ఆరబెట్టి, పక్కనుంచి టార్చి వేసి చూస్తే తెలుస్తుంది: తెల్లగా పైకి లేచినట్టుంటే సరుకు ఇంకా ఉంది, లోపలికి దిగిన నీడలా ఉంటే గుంట పడింది. పాలిష్ పని మొదలయ్యేది ఈ గుంట దగ్గరే.

వెనిగర్‌తో పోలేదని బాత్రూము యాసిడ్ అందుకునేవాళ్లున్నారు. అది హైడ్రోక్లోరిక్ ఆమ్లం. క్రోమ్ పట్టీలను, అల్యూమినియాన్ని, రేకు అతుకుల్లో ఎక్కడైనా పెయింటు లేచిన చోట ఇనుమును అది వదలదు. చక్రాలు తెల్లబరిచే కొన్ని ద్రావకాలలో ఉండే ఫ్లోరైడ్ ఆమ్లాలు మనిషి చర్మానికే ప్రమాదం. టూత్‌పేస్టు చిట్కా వేరే కోవలోది. అందులో ఉండేది సన్నటి అరగదీసే పొడి, అంటే అదీ ఒక ముతక పాలిషే, పేరు మారిందంతే.

ఇక గీతలు. బంకు దీపం కింద కనబడే వలయాలను చూసి, గుడ్డను గుండ్రంగా తిప్పి తుడవడం వల్లే అవి పడ్డాయని చాలామంది అనుకుంటారు. కాదు. పెయింటు మీద గీతలు అన్ని దిక్కులకూ అడ్డదిడ్డంగా ఉంటాయి. దీపం ప్రతిబింబం చుట్టూ వలయంలా అమరిన గీతలు మాత్రమే వెలుగును మన కంటివైపు విసురుతాయి, మిగిలినవి చీకట్లో ఉండిపోతాయి. తల పక్కకు జరిపితే వలయాలూ జరుగుతాయి. వాటిని నిజంగా ఎవరో గుండ్రంగా గీసి ఉంటే అవి కదలకూడదు. కాబట్టి నిలువుగా తుడిస్తే గీతలు పడవన్న సలహా సగం ఓదార్పే. తెల్ల కార్లలో ఇవి లేక కాదు, తెలుపు వెదజల్లే వెలుగులో మునిగిపోతాయి. ఈ ఊళ్లో తెల్ల కారు కొనేవాళ్లకు రంగుల మీద మోజు లేదనుకోవడం పొరపాటు, వాళ్లు తెలివిగలవాళ్లు.

గీత గీసేది గుడ్డ కాదు, గుడ్డలో చిక్కిన రేణువు. లాటరైట్ దుమ్ములో మెత్తటి బంకమట్టితో పాటు ఇనుప ఆక్సైడ్లు ఉంటాయి. మోస్ కాఠిన్య కొలమానంలో హెమటైట్ 5, 6 ప్రాంతంలో ఉంటుంది. రోడ్డు దుమ్ములో కలిసే ఇసుక రేణువు, క్వార్ట్జ్, 7. ప్లాస్టిక్ జాతి పొరను గీరడానికి ఇవి చాలు. రోజూ పొద్దున నాలుగైదు ఇళ్ల కార్లకు ఒకటే బకెట్టు, ఒకటే గుడ్డ పట్టుకుని తిరిగే మనిషి ఆ రేణువులను ఒక బండి నుంచి ఇంకో బండికి పంచుతూ పోతాడు. తప్పు అతనిది కాదు. నెలకు మనమిచ్చే డబ్బుకు రెండు బకెట్లు, కారుకొక మైక్రోఫైబర్ గుడ్డ అడగడం న్యాయం కాదు. ఆరిన దుమ్ము మీద డస్టర్ ఆడించడం ఇంకా నష్టం. డీజిల్ గుడ్డతో తుడిచి మెరిపించే పాత అలవాటు గీతలను కొన్నాళ్లు దాస్తుంది, ఆ జిడ్డుకు మరింత ఎర్రదుమ్ము అంటుకుంటుంది. జూన్ తొలకరి తరువాత కారు మీద మిగిలే ఎర్రటి ఉంగరాలు నీటిలోని ఖనిజం కాదు, గాలిలోని దుమ్మే. మంచి నీటి ధారకే పోతాయి. వాటిని చేత్తో గానీ పొడి గుడ్డతో గానీ తుడిచారా, అవే గీతలవుతాయి.

పాలిష్ మీద ఇంత పట్టింపు ఎందుకో అర్థం కావాలంటే పెయింటు మందం తెలియాలి. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన రేకు మీద తుప్పు పట్టకుండా ముంచే పొర, ప్రైమర్, రంగు, పైన పారదర్శకమైన క్లియర్‌కోట్ అన్నీ కలిపి సాధారణంగా 100 నుంచి 150 మైక్రాన్లు. మిల్లీమీటరులో వెయ్యోవంతు ఒక మైక్రాను. తల వెంట్రుక మందం సుమారు 70. ఇందులో క్లియర్‌కోట్ వాటా 35 నుంచి 50 దాకా. మెరుపంతా అందులోనే, ఎండలోని అతినీలలోహిత కిరణాలను అడ్డుకునే రసాయనాలూ అందులోనే. సాలెగూడు గీతలు మామూలుగా ఒకటి రెండు మైక్రాన్ల లోతుంటాయి. గీతను "తీయడం" అంటే దాని అడుగు మట్టానికి చుట్టూ ఉన్న పొరనంతా దించడం. గీత ఎక్కడికీ పోదు, దాని చుట్టూ ఉన్న గట్టు పోతుంది.

పాలిష్ అంటే అరగదీయడమేనన్న మాట కొత్తది కాదు. పాలిష్ చేయడమంటే కంటికి ఆననంత సన్నటి గీతలుగా గరుకును మార్చడమేనని న్యూటన్ 1704 నాటి ఆప్టిక్స్ గ్రంథంలోనే వాదించాడు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో బ్రిటన్‌లో జార్జ్ బీల్బీ, పాలిష్ చేసినప్పుడు పైపొర ద్రవంలా కదిలి పల్లాలను కప్పేస్తుందని ప్రతిపాదించాడు. అది చాలాకాలం నిలబడింది. తరువాత లోహాల మీద ఆస్ట్రేలియా శాస్త్రవేత్త సామ్యూల్స్ చేసిన పరిశీలనలు, పాలిష్ కూడా సూక్ష్మస్థాయిలో కోతేనని తేల్చి మళ్లీ న్యూటన్ వైపు మొగ్గు చూపాయి. "గీతలను నింపేస్తుంది" అని చెప్పే ఈనాటి పాలిష్ సీసాలు తెలియకుండానే బీల్బీ పక్షం వాదిస్తున్నాయి. వాటిలో నిజంగానే నింపే నూనెలు ఉంటాయి, అయితే అవి కొన్ని వారాల ముచ్చట.

అసలు కారుకు పాలిష్ కొట్టాలన్న అలవాటే వేరే పెయింటు కాలానిది. 1923లో డ్యూపాంట్ తెచ్చిన డ్యూకో నైట్రోసెల్యులోజ్ లక్క రాకముందు కార్లకు గుర్రపు బండ్లకు వేసినట్టే వార్నిషు పొరలు వేసి, వారాల తరబడి ఆరబెట్టి, రుద్ది తీసేవారు. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ తెప్పించమన్న రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ ఆ యుగపు బండే, చౌమహల్లా ప్యాలెస్‌లో చూడొచ్చు. డ్యూకో త్వరగా ఆరేది గానీ రుద్దనిదే మెరిసేది కాదు, ఏడాదికేడాది పాలిపోయేది. మన అంబాసిడర్లు, ప్రీమియర్ పద్మినిల పెయింటులో రంగూ మెరుపూ ఒకే పొర. పాలిష్ గుడ్డకు కారు రంగు అంటుకునేది. కింద అదే రంగు ఇంకా ఉండేది కాబట్టి రుద్దడం వాటికి వైద్యమే. 1980ల నుంచి క్లియర్‌కోట్ కార్లు వ్యాపించాయి. దసరాకొకసారి రబ్బింగ్ చేయించాలన్న తండ్రుల సలహా, కొడుకుల కార్లకు నేరుగా వర్తించదు. మీ బండిది ఏ పెయింటో తెలియకపోతే, మరుగున ఉన్న చోట తెల్ల గుడ్డతో కొంచెం పాలిష్ రుద్ది చూడండి. రంగు అంటితే పాత రకం, అంటకపోతే క్లియర్‌కోట్.

పాలిష్ యంత్రాల విషయంలో పరిణతి వచ్చిన మాట నిజం. పాత రోటరీ యంత్రం ఒకే ఇరుసు మీద, నిమిషానికి 600 నుంచి 3,000 సార్లు దాకా తిరుగుతుంది. ఉన్ని ప్యాడ్ వేసి అనుభవం లేని చెయ్యి పట్టుకుంటే ఒకేచోట వేడి పుట్టి అంచుల్లో పెయింటు ప్రైమర్ దాకా పోతుంది. పోకపోయినా ఎండలో వంకర వంకరగా నీడల చారలు మిగులుతాయి, వీటినే హోలోగ్రాములంటారు. అప్పుడే పాలిష్ చేసిన కారు మీద ఇవి కనబడితే అది జబ్బు కాదు, వైద్యం చేసిన గాయం. తిరుగుతూనే పక్కకు ఊగే డ్యూయల్ యాక్షన్ యంత్రం నెమ్మదిగా కోస్తుంది, పెయింటును సులభంగా కాల్చదు. ఇటలీ కంపెనీ రుపెస్ లాంటివి ఈ ఊపును 15, 21 మిల్లీమీటర్లకు పెంచి పని వేగం కూడా తెచ్చాయి. ఆరితేరిన చేతిలో రోటరీ ఇప్పటికీ మేలైనదే, దాన్ని కొట్టిపారేసేవాళ్లతో నేను ఏకీభవించను. కానీ రోజుకు నాలుగు కార్లు ముగించాల్సిన షెడ్డులో మీ బండి ఎవరి చేతిలో పడుతుందో మీకు తెలియదు.

కాంపౌండ్లలో, అంటే గట్టిగా కోసే ముతక పాలిష్‌లలో, పని చేసేది ఎక్కువగా అల్యూమినియం ఆక్సైడ్ పొడి. ఒక రకంలో రేణువులు రుద్దేకొద్దీ నలిగి సన్నబడతాయి, వాటిని మధ్యలో ఆపేస్తే మసక మిగులుతుంది. ఇంకో రకంలో రేణువు మొదటి నుంచి సన్నగా, ఒకే తీరున ఉంటుంది. ఏదైనా సరే, మేస్త్రీ పని ముగించి "చూడండి సార్" అన్నప్పుడు, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో నీళ్లు కలిపి ఒక మూల తుడవమనండి. నూనెలు పోతే గీతలు తిరిగి లేచాయంటే, మీరు కొన్నది పాలిష్ కాదు, నూనె పూత. ఈ పరీక్షకు ఒప్పుకోని షాపులో నేనైతే తాళాలు ఇవ్వను.

బీదర్ పాత ఊరి బిద్రీ పనివాళ్లకు ఈ గొడవ ఎప్పుడో తెలుసు. జింకు, రాగి కలిపి పోత పోసిన పాత్రను ఆకురాయితోనూ ఇసుక కాగితంతోనూ నునుపు చేశాక, మైలుతుత్తం ద్రావణం పూసి తాత్కాలికంగా నల్లబరుస్తారు. అప్పుడు చెక్కే ప్రతి గీతా తెల్లగా కనబడుతుంది. వెండి పొదిగి, మళ్లీ అరగదీసి, చివరికి కోట మట్టి, నవసాగరం కలిపి రుద్దితే జింకు నల్లబడి వెండి తేలుతుంది. కారు పెయింటర్లు సానపట్టే ముందు నల్లపొడి చల్లి ఎక్కడ గరుకు మిగిలిందో చూసుకోవడం ఈ మైలుతుత్తం పనికి దగ్గరి చుట్టం. తేడా ఒక్కటే: బిద్రీ పాత్రకు అరగడానికి మిల్లీమీటర్ల లోహం ఉంది, కారుకు మైక్రాన్లలో ఉంది.

సిరామిక్ కోటింగ్ చేయిస్తే ఈ బాధలన్నీ తీరతాయని ప్రకటనలు. 9హెచ్ కాఠిన్యం అంటూ చూపించే సంఖ్య పెన్సిళ్ల కొలమానంలోది, మోస్ కొలమానంలోది కాదు. ఆ సంఖ్య ఉన్నంత మాత్రాన ఇసుక గీరకుండా పోదు. కోటింగ్ వల్ల మురికి తేలికగా వదులుతుంది, అది నిజమైన మేలు. దాని మీద నీరు ముత్యాల్లా నిలబడటం మాత్రం బోరు నీళ్ల ఊళ్లో అందమైన ఇబ్బంది. ప్రతి ముత్యమూ ఎండలో ఆరి ఒక చిక్కటి మచ్చ అవుతుంది. కోటింగ్ వేసే ముందు పాలిష్ తప్పనిసరని చెప్పి కొత్త కారును కూడా గట్టిగా కోసేసే షాపులున్నాయి, కొత్త కారుకు అంత కోత ఎందుకని అడగండి. రాళ్ల దెబ్బలకు, గీతలకు నిజంగా అడ్డు నిలిచేది 150 నుంచి 200 మైక్రాన్ల యురేథేన్ ఫిల్ము. ఖరీదు భరించగలిగితే బానెట్, ముందు బంపరు వరకు వేయించుకోవడం సబబు.

చేయించక తప్పదనుకున్నప్పుడు పెయింటు మందం కొలిచే గేజి ఉన్న షాపుకే వెళ్లండి. అది పొరలన్నిటి మొత్తం చెబుతుందే తప్ప క్లియర్‌కోట్ ఎంతుందో చెప్పదు, ప్లాస్టిక్ బంపరు మీద మామూలు గేజి పనిచేయదు. అయినా పక్క పక్క రేకుల మధ్య తేడా చూస్తే కథ తెలుస్తుంది. అన్నిచోట్లా 120 చూపి ఒక తలుపు మీద 250 చూపితే అది ఎప్పుడో టచప్ చేసిన రేకు. షెడ్డులో తక్కువ వేడికి ఆరిన ఆ పెయింటు మెత్తగా ఉంటుంది, త్వరగా కోసుకుపోతుంది. ఎక్కడైనా 80 కనబడితే ఇంతకుముందే ఎవరో బాగా కోశారేమోనని అనుమానించాలి, అక్కడ యంత్రం ఆనించకపోవడమే మంచిది. చేయించే చోట ముందు చిన్న గడిలో, అన్నిటికన్నా సన్నటి పాలిష్‌తో, మెత్తటి ఫోమ్ ప్యాడ్‌తో మొదలుపెట్టించి, చాలకపోతేనే కాంపౌండ్‌కు వెళ్లాలి. సన్నటి పాలిష్ సాధారణంగా మైక్రానుకు లోపే తీస్తుంది, కాంపౌండ్ రెండు మూడు, 2000 నంబరు ఇసుక కాగితం అంతకన్నా ఎక్కువ. గోరు తట్టుకునే గీతను మొత్తం తీయించుకోవద్దు. అంచులు గుండ్రబడి వెలుగు విసరకుండా పోతే చాలు, మనిషి కంటికి అది పోయినట్టే. తొంభై పాళ్లు పోయాక మిగిలిన పది పాళ్ల కోసం పట్టుబట్టే యజమాని, మేస్త్రీ కన్నా ఎక్కువ పెయింటు కోయిస్తాడు.

ఆ తరువాత అదే బోరు నీళ్లతో అదే గుడ్డ పెట్టి కడిగిస్తే ఆరు నెలల్లో కథ మొదటికొస్తుంది. నీళ్లకు వేరే లెక్క కూడా ఉంది. 2024 మార్చిలో బెంగళూరు నీటి బోర్డు తాగునీటితో బండ్లు కడిగితే 5,000 రూపాయల జరిమానా అని ఉత్తర్వు ఇచ్చింది. బీదర్‌లోనూ వేసవిలో ట్యాంకరు నీళ్లు పోసి కారు కడగడం ఇరుగుపొరుగుకు కంటగింపే. కొందరు పొదుపు చేస్తున్నామనుకుని ఆర్‌ఓ ఫిల్టరు వదిలేసే నీళ్లతో కడుగుతారు. ఫిల్టరు తీసేసిన ఉప్పంతా చేరేది ఆ నీళ్లలోకే. మామూలు బోరు నీళ్లకన్నా అవి కారుకు హాని. నేల కడగడానికి వాడుకోండి. దుమ్మును మాత్రం మామూలు నీటి ధారతోనే ముందు వదిలించి, రెండు బకెట్ల పద్ధతిలో, అంటే ఒకదాంట్లో సబ్బు నీరు, ఇంకోదాంట్లో గుడ్డ జాడించే నీరు పెట్టుకుని, నీడలో కడిగి, ఆరకముందే మైక్రోఫైబర్ తువ్వాలు పరిచి నీరు లాగేయాలి. చివరి తడుపుకు వానాకాలంలో డాబా మీద నుంచి పట్టిన నీరు, తొలి వానలు వదిలేసి పట్టినది, వాడొచ్చు. వేసవిలో ఏసీ గొట్టం కింద బకెట్టు పెడితే పడే నీరు గాలిలోంచి చల్లబడి దిగినది, అందులో సున్నం ఉండదు. రాత్రంతా ఏసీ నడిచే ఇంట్లో బానెట్‌కూ పైకప్పుకూ సరిపడా దొరుకుతుంది. తలుపుల మీద నీరు నిలవక జారిపోతుంది కాబట్టి వాటికి బోరు నీళ్లే చాలు.